అంచు రుద్దిన గాజు

పోయినవారం మీరు నన్ను ఎక్కడ వదిలేసి వెళ్లారో గుర్తుందా? మా కొట్టుగదిలో, గాజు కోసే బల్ల ముందు, చేతిలో మూత తీసిన పెన్నుతో వదిలేసి వెళ్లారు. మీకేం, పత్రిక మడిచి పక్కన పెట్టేసి మీ పనుల్లో పడ్డారు. నేను వారం రోజులుగా ఆ పెన్ను పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాను. చెయ్యి తిమ్మిరెక్కింది.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్తాను, పాతవాళ్లు కాస్త ఓపిక పట్టండి. ఇది మా నాన్న కట్టిన ఇల్లు. ఆయన తాపీమేస్త్రీ. పోయేముందు ఇంటిని నా పేరా, మా తమ్ముడి పేరా కలిపి రాసి పోయాడు. ముందుగదిలో నా కొట్టు. కిటికీలకి అద్దాలు కోస్తాను, ఫొటోలకి ఫ్రేములు కడతాను, వీధిలో అందరూ నన్ను అద్దాలక్క అంటారు. కొట్టు వెనక నడిమి గది, అందులో నేను పడుకుంటాను. దాని వెనక రెండు గదుల్లో మా తమ్ముడూ మరదలూ. వంటిల్లు, కుళాయి, పెరడు అన్నీ వాళ్లవైపే.

ఇల్లు అమ్మేద్దామని మొదట అన్నది నేనే. ఎవరో నన్ను గెంటేస్తున్నారని కన్నీళ్లు రెడీ చేసుకోకండి. మార్కెట్టు మూలమీద పెద్ద అద్దాల కొట్టు ఉంది, నాకు పని నేర్పిన పెద్దాయనది. ఆయనకి చూపు తగ్గింది, కొట్టు అమ్మేస్తున్నాడు. "నీకిస్తాను, శుక్రవారం దాకా ఇంకెవరితోనూ మాట్లాడను" అన్నాడు. పెళ్లయిన ఆర్నెల్లకే నేను పుట్టింటికి తిరిగొచ్చేస్తే, ఏం జరిగిందని ఒక్క ప్రశ్న అడక్కుండా చేతిలో గాజు కోసే కత్తి పెట్టిన మనిషి ఆయన. ఇల్లు అమ్మగా నా వాటాకి వచ్చే డబ్బుతో ఆ కొట్టు నాదవుతుంది. నాదీ, మా మరదలిదీ. బోర్డు ఏ రంగు వేయాలో కూడా ఇద్దరం పోట్లాడుకుని తేల్చేసుకున్నాం.

ఇక కొనడానికి వచ్చినాయన. ఆయన అసలు పేరు మా వీధిలో ఎవరికీ తెలీదు. కరెంటు స్తంభాలకి పసుపు బోర్డులు కట్టిస్తాడు: 'మీ ఇల్లు ఉన్నది ఉన్నట్టుగా కొంటాం. రిపేర్లు అక్కర్లేదు. వారంలో నగదు.' అందుకని రెడీక్యాష్ అనే పేరు స్థిరపడిపోయింది. నెల కిందట ఇల్లంతా తిరిగి చూసి ఒక రేటు అన్నాడు. సరే అన్నాను. మంగళవారం పొద్దున పదింటికి కాగితాలు పట్టుకుని వచ్చాడు. నేను పెన్ను మూత తీశాక, "ఒక్క చిన్న విషయం అక్కయ్యగారూ" అన్నాడు. ఆ చిన్న విషయం ఏంటంటే, రేటు సగానికి సగం తగ్గించేశాడు.

అక్కడ ఆగాం కదా. పదండి లోపలికి.

"సగమా?" అన్నాను.

"సగానికి కాస్త ఎక్కువే వేశాను అక్కయ్యగారూ. మీ మొహం చూసి."

ఈయన నన్ను అక్కయ్యగారూ అంటాడు. నాకంటే పదేళ్లు పెద్ద. జుట్టుకి రంగేసుకున్నంత మాత్రాన తమ్ముడైపోతాడా?

"నా మొహానికి ఏమైంది? నెల కిందట కూడా ఇదే మొహం కదా."

"మొహానికి కాదండీ, గోడకి," అని లేచి కొట్టుగది పక్కగోడ దగ్గరికి వెళ్లాడు. చిన్న టార్చిలైటు తీసి, పైకప్పు దగ్గర్నుంచి వంకరటింకరగా దిగిన పగులు మీద వేశాడు. వేలి కణుపుతో గోడని టకటకలాడించి, చెవి పెట్టి విన్నాడు. డాక్టరు కూడా అంత బెంగగా వినడు. "చూశారా? ఇది ఈ గదితో ఆగలేదు. నడిమి గదిలోంచి వెనకగది దాకా పోయింది. పునాది దిగిపోతోంది. గోడ కదుల్తోంది. నేను కొన్నాక మొత్తం పడగొట్టాలి. ఆ ఖర్చంతా ఎవరు పెట్టుకుంటారు?"

"ఉన్నది ఉన్నట్టుగా కొంటానని బోర్డు కట్టినవాళ్లు పెట్టుకుంటారు."

"కొంటాను. ఎవరు కాదన్నారు? ఉన్నదానికి ఎంతో అంతే ఇస్తానంటున్నాను."

మా తమ్ముడు గుమ్మం దగ్గర నిలబడి గోడకేసి చూస్తూ తల గీక్కుంటున్నాడు. వాడు సిటీబస్సు డ్రైవరు. రోడ్డు మీద లారీవాడికి కూడా దారివ్వడు, ఇంట్లో మాత్రం ఎవరు హారన్ కొట్టినా సైడిచ్చేస్తాడు.

"పోనీలే అక్కా, పెట్టెయ్ సంతకం. మళ్లీ ఈయన కూడా పోతే ఎవరొస్తారు?" అన్నాడు.

"నువ్వు నోర్మూసుకో" అన్నాను.

సగం రేటుకి నా వాటా అంటే మూల కొట్టు తలుపులు కూడా రావు. ఆ లెక్క నాకు తెలుసు, రెడీక్యాష్‌కీ తెలుసు. శుక్రవారం గడువు సంగతి ఎవరో చెప్పారాయనకి. ఎవరో ఏంటి, మా తమ్ముడే చెప్పి ఉంటాడు, టీ తాగుతూ. అందుకే సరిగ్గా మూడు రోజుల ముందు వచ్చి కూర్చున్నాడు. ఒళ్లు మండిపోయింది నాకు. పెన్నుకి మూత పెట్టి, చెవి వెనక దోపుకున్నాను.

"అయ్యా, గోడ కదుల్తోందని మీ వేలు చెప్పింది. నా గోడ ఏం చెప్తుందో వింటారా?"

"గోడ చెప్పడమేంటండీ?"

"రండి ఇటు."

పగులు మీద, నా భుజమంత ఎత్తులో, గోడకి ఒక గాజుముక్క అంటించి ఉంటుంది. వేలెడు వెడల్పు, జానెడు పొడవు. పగులుకి అడ్డంగా పెట్టి, రెండు చివర్లా సిమెంటు ముద్దలతో బిగించింది. తెలియనివాళ్లు చూస్తే ఏదో పిల్లల పని అనుకుంటారు. ఆ సిమెంటు ముద్ద పచ్చిగా ఉన్నప్పుడు మేకుతో గీసిన తారీఖు ఇంకా చదవచ్చు. పంతొమ్మిదేళ్ల కిందటిది.

"పక్కింటివాళ్లు మేడకని పునాది లోతుగా తవ్వినప్పుడు ఈ పగులు వచ్చింది" అన్నాను. "మా అమ్మ ఏడుపు, ఇల్లు కూలిపోతుందని. మా నాన్న ఏం చేశాడంటే, నా దగ్గర సన్నటి గాజు మూడు ముక్కలు కోయించుకుని, పగులు పొడుగునా మూడు చోట్ల అంటించాడు. గోడ వెంట్రుకవాసి కదిలినా చాలు, గాజు సాగదు కదా, టప్‌మని పగుల్తుంది. పగల్లేదూ అంటే గోడ నిద్రపోయినట్టే. తాపీపనివాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. మీకు తెలీదా? ఇన్ని ఇళ్లు కొంటారు."

రెడీక్యాష్ గాజు మీదికి వంగాడు. టార్చి వేశాడు. చిన్న గీత కూడా లేదు.

"పంతొమ్మిదేళ్లు. చూసుకోండి. ఇప్పుడు రెండోది చూద్దురుగాని."

నడిమి గదిలో, వెనకగదికి వెళ్లే గుమ్మం పక్కన రెండో గాజు. కడిగిన పళ్లెంలా మెరుస్తోంది. ప్రతినెలా ఒకటో తారీఖున తుడుస్తాను దాన్ని. మా నాన్న తుడిచేవాడు, ఆయన తర్వాత నేను.

"ఇదీ నిద్రపోతోంది" అన్నాను. గొంతు కాస్త పెద్దదే చేశాను, ఎందుకు దాచడం. "ఇక మూడోది కూడా చూసి, పాత రేటు మీ చేత్తోనే రాయండి కాగితం మీద. మీ పెన్నుతోనే రాయండి, నాది ఇవ్వను."

మూడోది వెనకగదిలో, తమ్ముడివాళ్ల బీరువా వెనకాల. మా మరదలు అప్పుడే వంటింట్లోంచి వచ్చి చేతులు తుడుచుకుంటూ నిలబడింది. నాకంటే పదిహేనేళ్లు చిన్నది, నా కొట్టులో నాలుగేళ్లుగా నాతో సమానంగా పని చేస్తోంది. మొహంలో రంగు లేదు. నేనది చూశాను కానీ పట్టించుకోలేదు. గెలుస్తున్నప్పుడు ఎవరి మొహాలు ఎవరికి కనిపిస్తాయి?

"బీరువా ఎందుకండీ జరపడం, బరువు" అంది మరదలు.

"నువ్వాగమ్మాయ్. ఒరేయ్, పట్టు ఆ చివర."

తమ్ముడూ నేనూ కలిసి బీరువా జరిపాం. రెడీక్యాష్ టార్చి వేశాడు.

గాజు పగిలి ఉంది.

సరిగ్గా పగులు మీదే, నిలువునా రెండు ముక్కలు. అటు ముక్క అటు సిమెంటుకీ, ఇటు ముక్క ఇటు సిమెంటుకీ అంటుకుని ఉన్నాయి. నెల తిరగలేదు నేను బీరువా జరిపించి తుడిచి. అప్పుడు బాగానే ఉంది కదా!

"అయ్యయ్యో" అన్నాడు రెడీక్యాష్. అంత తియ్యగా ఎవరూ అయ్యయ్యో అనడం నేను వినలేదు. "నేనేం అనలేదండీ అక్కయ్యగారూ. మీ నాన్నగారే చెప్తున్నారు. ముందువైపు నిద్రపోతోంది కానీ వెనకవైపు లేచి కూర్చున్నట్టుంది. పాపం, పెద్దాయన ముందుచూపు. మరి సంతకం..."

ఎవడి నోటితో వాడే పట్టుబడటం అంటే ఏంటో ఆ నిమిషం తెలిసింది నాకు. గాజు పగిలితే గోడ కదిలినట్టే అని అరిచి చెప్పింది నేనే కదా. తమ్ముడు "అక్కా, అక్కా" అంటున్నాడు. రెడీక్యాష్ కాగితాలు నా ముందు చాపుతున్నాడు. నేను ఆ గాజు దగ్గర్నుంచి కదల్లేదు. నా చెయ్యి దానంతటదే లేచి వెళ్లింది. ఇరవయ్యేళ్లుగా రోజుకి పాతికసార్లు చేసే పని అది: గాజు కనిపిస్తే అంచు తడుముతాను.

బొటనవేలు ఆ విరుపు మీద అడ్డంగా లాగాను.

వేలు తెగలేదు.

ఇంకోసారి లాగాను, ఈసారి గట్టిగా. ఊహూఁ. చర్మం మీద గీత కూడా పడలేదు.

గాజు తనంతట తాను పగిలితే ఆ అంచు కత్తికంటే పదును. ముట్టుకుంటే రక్తం రావలసిందే. ఇక్కడ అంచు మొద్దుగా, నున్నగా ఉంది. గోరు పెట్టి చూస్తే, రెండు ముక్కలకీ పై అంచు వాలుగా అరిగి చిన్న గాడి తగిలింది. కళ్లు దగ్గరగా పెట్టి చూశాను. పగులు వంకరగా పోతోంది. గాజు మాత్రం స్కేలు పెట్టినట్టు తిన్నగా విరిగింది.

ఎవరో దీన్ని గాజు కోసే కత్తితో గీశారు. పిడి చివర ఉండే ఇనప గుండుతో తట్టి విరిచారు. విరిచాక, ఊరికే పోకుండా, సానరాయితో అంచు రుద్దారు.

ఈ ఇంట్లో అంచు రుద్దే చేతులు రెండు జతలే ఉన్నాయి. ఒక జత నావి.

మూలకొట్టు పెద్దాయన నాకు నేర్పిన మొదటి పాఠం గాజు కోయడం కాదు. "కోయడం ఎవడైనా కోస్తాడు. కోసిన అంచు రుద్దకుండా వదిలేస్తే అది ఎవరి చేతికో తగుల్తుంది. ఆ రక్తం నీ లెక్కలోకి వస్తుంది" అన్నాడు. అదే పాఠం మా మరదలికి నేను చెప్పాను, అవే మాటలతో. కోసిన ముక్క చెత్తబుట్టలో పడేసేదైనా సరే, ముందు రుద్ది పడెయ్యాలి. నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా మర్చిపోలేదు పిల్ల. ఇదిగో, దొంగపని చేసేటప్పుడు కూడా మర్చిపోలేదు.

నేను వెనక్కి తిరిగాను. మరదలు తలొంచుకుని ఉంది. నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ముందు కోపమే బయటికొచ్చింది.

"ఎంతిస్తానన్నాడే నీకు?" అన్నాను. "రేటు సగం కొట్టించినందుకు నీ చేతిలో ఎంత పెడతానన్నాడు?"

చటుక్కున తలెత్తింది. "వదినా!"

"నా కత్తితో, నా సానరాయితో, నా నాన్న అంటించిన గాజు! నేను నేర్పిన పనితో నన్నే కోశావు కదే!"

"ఏంటక్కా, ఏం మాట్లాడుతున్నావ్?" అన్నాడు తమ్ముడు. వాడికి నిజంగానే అర్థం కాలేదు.

"నీ పెళ్లాన్నడుగు."

మరదలు కళ్లు తుడుచుకోలేదు. ఏడవను కూడా లేదు. సూటిగా నావైపే చూసింది. "నేనే కోశాను. ఆదివారం మధ్యాహ్నం, మీరు మూలకొట్టు పెద్దాయన దగ్గరికి వెళ్లినప్పుడు, ఒక్కదాన్నే బీరువా జరిపి. ఈయన ఇస్తానన్నదేం లేదు వదినా. ఈయన్ని తరిమేద్దామని కోశాను. మీరు ఎలాగూ గాజులు చూపిస్తారని తెలుసు. గోడ కదుల్తోందంటే భయపడి, బేరం వదులుకుని పోతాడనుకున్నాను."

రెడీక్యాష్ పకపకా నవ్వాడు. బీరువాకి చేరబడి మరీ నవ్వాడు. "భయమా! అమ్మాయ్, పగుళ్లు చూసి పారిపోయేవాడినైతే ఈ వ్యాపారంలో ఇన్నేళ్లు ఉంటానా? పగులు ఎంత పెద్దదైతే నాకు అంత మంచిది. నాకు తెలీకుండా నాకే పనిచేసి పెట్టావు కదా."

పాపం పిల్ల మొహం చూడాలి మీరు. నాకున్న కోపం సగం అక్కడే కారిపోయింది.

"ఎందుకు తరమాలి?" అని అడిగాను. "ఇల్లు అమ్మితేనే కదా కొట్టు వచ్చేది? కొట్టు వద్దా నీకు?"

"కావాలి కాబట్టే. ఈయన చేతుల్లో పడితే మీ వాటాకి సరైన రేటు రాదు" అంది. మొగుడి వైపు చూసింది. "చెప్తే నా మీద ఒట్టే అన్నారు మీరు. నోటితో చెప్పలేదు. చెప్పకుండా ఆపుదామని చూశాను, చేతకాలేదు. ఇప్పుడైనా మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

మా తమ్ముడు నీళ్లు నమిలాడు. బస్సు గేరు దొరకనప్పుడు వాడి మొహం ఇలాగే ఉంటుంది.

వాడికి ఆ కష్టం లేకుండా రెడీక్యాషే సంచీ తెరిచాడు. "దాచేదేముంది, ఇవాళో రేపో తెలిసేదే" అని ఇంకో కాగితం తీసి నా చేతికిచ్చాడు. కింద మా తమ్ముడి సంతకం. వాడి సంతకంలో మొదటి అక్షరం ఎప్పుడూ బోర్లాపడినట్టు ఉంటుంది. పదిహేను రోజుల కిందటి తారీఖు. వెనక భాగం అమ్మేశాడు. నాతో చెప్పకుండా.

"ఎలాగూ అమ్ముతున్నాం కదా అక్కా" అన్నాడు తమ్ముడు నేలకేసి చూస్తూ. "నాది ముందు చేసేస్తే, నీది తర్వాత చేస్తానన్నాడు. నువ్వేమో ప్రతిదానికీ బేరమాడతావ్. ఈయన విసుగొచ్చి పోతే మనం ఇక్కడే పడుంటామని..."

"మరి నాతో చెప్పడానికేం?"

"చెప్తే తిడతావని."

"ఇప్పుడు తిట్టలేదు కదా. హాయిగా ఉందా?"

రెడీక్యాష్ అందుకున్నాడు, ఎంతో నెమ్మదిగా, పసిపిల్లకి చెప్పినట్టు. "సగం ఇల్లు బయటివాళ్లు ఎవరూ కొనరు అక్కయ్యగారూ. వెనక నేనున్నానంటే ఇంకా కొనరు. ఇక మిగిలింది నేనే. నేను చెప్పిందే రేటు. గాజు కోసినదా, పగిలినదా అనేది మీ ఇంటి గొడవ. నాకు అనవసరం. శుక్రవారం లోపల మీకు డబ్బు కావాలి. నా సంచీలో డబ్బుంది. పెన్ను చెవి దగ్గర్నుంచి తీయండి."

అదన్నమాట. అందుకే అంత ధీమా. నెల కిందట తనే ఒక రేటు చెప్పి, మధ్యలో వీడిని విడిగా పట్టుకుని సగం ఇల్లు చేతిలో పెట్టుకుని, అప్పుడొచ్చి నా గోడని టకటకలాడించాడు.

నేను పెన్ను తీయలేదు. కొట్టుగదిలోకి నడిచాను. గాజు మీద గుర్తు పెట్టే సుద్దముక్క బల్ల మీద ఉంది, తీసుకుని వెనకగది గుమ్మం దాకా వచ్చాను. అందరూ నేను ఏడుస్తాననో అరుస్తాననో చూస్తున్నారు. సుద్దముక్క రెడీక్యాష్ ముందు పట్టుకున్నాను.

"తీసుకోండి."

"ఏంటిది?"

"సుద్దముక్క. సగం మీదంటున్నారు కదా, ఏ సగమో గీత గీయండి. అద్దం కోయించుకోవడానికి నా దగ్గరికి ఎవరొచ్చినా అదే చెప్తాను. కొలత మీది, గీత మీది. గీశాక కోసేది నేను."

"బాగుందండీ ఆటలు" అన్నాడు, చెయ్యి చాపలేదు.

"ఆటలెవరాడారు? గీయండి!"

సుద్దముక్క నా చేతిలోంచి లాక్కున్నది మా మరదలు. రెండో చేత్తో ఆ కాగితం కూడా తీసుకుంది. "నేను గీస్తాను వదినా. ఎక్కడ గీయాలో నాకు తెలుసు. ఇంట్లో ఈ కాగితం రెండో పేజీ చదివింది నేనొక్కదాన్నే. మీ తమ్ముడు సంతకం పెట్టే చోటు తప్ప ఇంకేం చదవలేదు."

పేజీ తిప్పి పైకి చదివింది. బడిలో పాఠం చదివినట్టు, ఒక్కో మాటా విడదీసి. "వెనక రెండు గదులు, వంటిల్లు, పెరడు. సరిహద్దులు. తూర్పు, పక్కింటివారి గోడ. పడమర, పక్కింటివారి గోడ. ఉత్తరం, వెనకింటివారి గోడ. దక్షిణం, అమ్మినవారి అక్కగారి గదులు." కాగితం మడిచింది. "అంతే. ఇంకేం లేదు."

"అంతే కదా మరి, ఇంకేం ఉండాలి?" అన్నాడు రెడీక్యాష్.

నాకు వెలిగింది. ఆ వెలగడం ఉంది చూశారూ, పాదాల దగ్గర్నుంచి వెలుగుతూ పైకి వచ్చింది.

"దారి" అన్నాను. "దారేదండీ? మూడు వైపులా పరాయి గోడలు. నాలుగోవైపు నా గదులు. మీ సగానికి వీధి ఎక్కడుంది?"

ఆయన కాగితం మరదలి చేతిలోంచి తీసుకుని, మొదటిసారి కళ్లజోడు పెట్టుకుని చదివాడు. వారంలో నగదు, వారంలో కాగితం. నా భాగం కూడా ఎలాగూ తన చేతికే వస్తుందన్న తొందరలో, దారి అనే చిన్నమాట రాయించుకోవడం మర్చిపోయాడు. పెదవులు కదులుతున్నాయి కానీ మాట బయటికి రావడం లేదు. ఇన్నేళ్లలో ఎన్ని ఇళ్లలో ఎంతమంది పెదవులు ఆయన ముందు అలా కదిలాయో!

మరదలు వెనకగదికీ నడిమిగదికీ మధ్య గుమ్మం దగ్గర కూర్చుంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా, కొలబద్ద లేకుండా, తిన్నగా గీత గీసింది. గాజు మీద ఎంత బాగా గీస్తుందో గచ్చు మీద కూడా అంత బాగానే గీసింది. లేచి చేతులు దులుపుకునేసరికి నా పక్కన ఉంది. మా తమ్ముడు గీతకి అవతల, రెడీక్యాష్ పక్కన మిగిలిపోయాడు. పెళ్లాం వైపు ఒక అడుగు వేయబోయి, ఎందుకో ఆగిపోయాడు.

"ఒక్కమాట చెప్పవే" అన్నాను మరదలితో, మెల్లిగా. "దొంగపని చేస్తూ అంచెందుకు రుద్దావు? రుద్దకపోతే నాకు తెలిసేది కాదు కదా."

"మీరు తడుముతారని తెలుసు కదా వదినా" అంది. "వేలు తెగుతుందని."

ఇక ఆ మాట తర్వాత ఆ పిల్లని నేనేమంటాను? భుజం మీద చెయ్యేసి దగ్గరికి లాక్కున్నాను. తర్వాత రెడీక్యాష్ వైపు తిరిగాను. ప్రాణం లేచి వచ్చింది నాకు. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

"ఉన్నది ఉన్నట్టుగానే కొన్నారు కదా బాబూ, బోర్డు మీద రాసినట్టే. ఇప్పుడు మీరు మీ ఇంట్లో నిలబడి ఉన్నారు. బయటికి వెళ్లాలంటే నా ఇంట్లోంచి వెళ్లాలి. దారివ్వమ్మా అని అడగండి, ఇస్తాను. అడిగాక ముందుభాగం రేటు మాట్లాడుకుందాం. ముందుభాగానికి పాత రేటు చాలదు. వీధి కూడా దాంట్లోనే ఉందిగా."

ఆయన సంచీ భుజానికి తగిలించుకున్నాడు. గీత దాకా వచ్చాడు. బూటు కొన గీతకి బెత్తెడు దూరంలో ఆగింది. గీతనీ చూశాడు, నన్నూ చూశాడు. అడుగుతాడు, ఇదిగో అడిగేస్తున్నాడు అనుకున్నాను. మరదలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అడగలేదు.

వెనక్కి తిరిగి, మా తమ్ముడి మంచం మీద కూర్చున్నాడు. సంచీ దిండు పక్కన పెట్టాడు. చేతిగడియారం విప్పి కిటికీ గూట్లో పెట్టాడు. మెల్లిగా బూట్లు విప్పి మంచం కిందికి నెట్టాడు. లేచి, వట్టికాళ్లతో వంటింట్లోకి వెళ్లాడు. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. నిండా నీళ్లున్న గ్లాసుతో వచ్చి, మాకు ఎదురుగా నిలబడి, గుక్కగుక్కగా తాగాడు. మీసాలు తుడుచుకున్నాడు. ఆ నవ్వు మళ్లీ వచ్చేసింది.

"వీధి మీవైపు ఉంది అక్కయ్యగారూ, ఒప్పుకుంటాను. నీళ్లు నావైపు ఉన్నాయి. పొయ్యి కూడా. నాకు బయట ఏం పని లేదు, ఫోనుంది. శుక్రవారం గడువు నాకు కాదు కదా." గ్లాసు బోర్లించాడు. "ఎవరు ముందు అడుగుతారో చూద్దాం."

మా తమ్ముడు గుటకలు మింగుతూ నన్ను చూస్తున్నాడు. ముందు కొట్టులో ఎవరో పిలుస్తున్నారు, అద్దం కోయించుకోవడానికి వచ్చినట్టున్నారు. మరదల్ని వెళ్లమన్నాను. కొట్టులోంచి నా స్టూలు తెప్పించుకుని, గీతకి ఇవతల, సరిగ్గా గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నాను.

"చూద్దాం" అన్నాను.

అప్పటికే నాకు దాహంగా ఉంది.